తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూడు

ఆకివీడు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవించి రాయునది.

మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. హాల్లో రెండడుగుల అక్వేరియం పెడుతున్నావట, పాపాయి పుట్టినరోజుకి పన్నెండు గోల్డ్‌ఫిష్‌లు షాపులో చెప్పి ఉంచావట. చెరువు గట్ల మీద ఆడి పెరిగినవాడివి, రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉన్నా చేపల మీదికి మనసు పోయిందిలే అని మురిసిపోయాను. పన్నెండు అన్న మాట ఆ తర్వాత గానీ తలకెక్కలేదు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఫోన్ చేస్తే "అలాగే అత్తా" అనేసి ఊరుకుంటావు. అందుకని కాగితం తీశాను.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. నీళ్ళూ గులకరాళ్ళూ కలిపి తొట్టి అరవై కిలోల దాకా తూగుతుంది, టీపాయ్ మీద పెట్టకు. కింద థర్మోకోల్ షీటు వెయ్యి. ఎండ పడే కిటికీ పక్కన వద్దు. గులకరాళ్ళు తేట నీళ్ళు వచ్చేదాకా కడుగు, సబ్బు తగలనీకు. అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56 లీటర్లు అంటాడు షాపువాడు. అంచు దాకా నింపం కదా, రాళ్ళకి కొంత పోతుంది. నికరంగా మిగిలేది 42 లీటర్లు. నీళ్ళలోకి ఆక్సిజన్ దిగేది పై ముఖం నుంచే. అది 24 అంగుళాలు ఇంటూ 12, అంటే 288 చదరపు అంగుళాలు. చిన్న చిన్న రంగు చేపలకైతే అంగుళం చేపకి 12 చదరపు అంగుళాల పైముఖం కావాలనీ, గోల్డ్‌ఫిష్‌కైతే 30 కావాలనీ పాత లెక్క ఒకటుంది. ఆ లెక్కన నీ తొట్టికి గోల్డ్‌ఫిష్ తొమ్మిదంగుళాలు, అదీ తోక వదిలేసి. నువ్వు తెచ్చే రెండంగుళాల పిల్లలు పన్నెండైతే ఇప్పుడే ఇరవై నాలుగంగుళాలు. మరి ఏడాది పోయాక?

అసలు మోసం అక్కడుంది. చేప పొడవు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది. రెండంగుళాల పిల్ల మూడు గ్రాములుంటే నాలుగంగుళాలది పాతిక గ్రాములు. ఈ రోజు 36 గ్రాముల చేపలతో ముద్దుగా కనబడే తొట్టి, ఏడాదికి 300 గ్రాములు మోస్తుంది. గాజు మాత్రం అంగుళం పెరగదు. షాపు తొట్టెలో వందేసి ఉంటాయి కదా అంటావేమో. అవి అక్కడ ఉండేది నాలుగు రోజులు, దానికి పగలూ రాత్రీ గాలి కొడుతూనే ఉంటారు, మేత కూడా అంతంత మాత్రమే.

గోల్డ్‌ఫిష్ కావాలంటే రెండు తీసుకో, అవి పెరిగేలోగా మూడడుగుల తొట్టికి డబ్బులు కూడబెట్టు. ఈ తొట్టితోనే సరిపెట్టాలంటే చిన్న రంగు చేపలే తీసుకో, ఎనిమిది జీబ్రా డానియోలు, నాలుగు గప్పీలు. గప్పీలు మగవే తీసుకో. ఒక్క ఆడది కలిసినా నెలకో కాన్పు, ఆర్నెల్లకి నువ్వు నాకు ఉత్తరం రాస్తావు. అడుగు శుభ్రం చేస్తుందని నల్ల సక్కర్ చేపని అంటగడతారు, అది అడుగు పైన పెరుగుతుంది, వద్దు. తెచ్చాక వద్దనుకుని కాలువలో వదిలావో, నేను ఊరుకోను. ఇప్పటికే ఆ దెయ్యపు చేప మన నీళ్ళలో పడి వలలు చింపుతోంది.

ఇక నీతో ఎప్పుడూ మాట్లాడని సంగతి ఒకటి రాయాలి. నువ్వు నాలుగో తరగతి వేసవి సెలవుల్లో ఇక్కడున్నావు. మన హాల్లో తొట్టి నీకు గుర్తుండే ఉంటుంది. అదీ రెండడుగులే. అందులో నాలుగంగుళాల గోల్డ్‌ఫిష్‌లు పదకొండు. సాయంత్రం నువ్వు మేత వేశావు. రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. నాలుగున్నరకి నేను లేచి చూసేసరికి అన్నీ పైకొచ్చి, మూల దగ్గర నోళ్ళు నీటి మీదకి పెట్టి చప్పరిస్తున్నాయి. మూతి ఒక్కటే నీటి మట్టం దాటి గుండ్రంగా తెరుచుకోవడం, మూసుకోవడం, తల పక్కన మొప్పలు టపటపా కొట్టుకోవడం. "పాపం, ఆకలేసింది" అనుకుని, నిద్ర కళ్ళతో ఉన్న నిన్ను పిలిచి, ఇంకో గుప్పెడు వేయమన్నాను. పొద్దున్నకి ఏడు పోయాయి. నువ్వు మేత వేసినందుకే చచ్చిపోయాయని రెండు రోజులు అన్నం ముట్టలేదు. వేయమన్నది నేను రా. చెరువులో చేప అలా తేలితే దూరం నుంచే గుర్తుపట్టేదాన్ని. నట్టింట్లో గాజు పెట్టెలో తేలితే ఆకలనుకున్నాను.

ఆ రాత్రి ఏం జరిగిందో లెక్క కట్టి చూపిస్తాను. అది అర్థమైతే మిగతావన్నీ నీకే తెలుస్తాయి. పాతిక డిగ్రీల నీళ్ళు లీటరుకి ఎనిమిది మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటాయి. మన వేసవిలో తొట్టి నీళ్ళు 32 డిగ్రీలకెళ్తాయి, అప్పుడు పట్టేది ఏడు చిల్లర. వేడి పెరిగేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకి అవసరం పెరుగుతుంది. కరెంటు పోయేసరికి లీటరుకి ఆరు ఉందనుకో, 42 లీటర్లకి 252 మిల్లీగ్రాములు. లీటరుకి రెండుకి దిగితే చేప తట్టుకోవడం కష్టం, కాబట్టి వాడుకోగలిగింది 168. పదకొండు చేపలు కలిపి 275 గ్రాములు. కిలో చేప గంటకి సుమారు 200 మిల్లీగ్రాములు వాడుతుందని వేసుకుంటే గంటకి 55. మూడు గంటలు. ఒంటిగంటకి పోయిన కరెంటుకి నాలుగింటికి గండం.

ఇది చేపల లెక్కే. దీని మీద సాయంత్రం మిగిలిపోయిన మేతని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా, రాళ్ళ సందుల్లో మడ్డి, ఫిల్టర్ స్పాంజి, అన్నీ అదే ఆక్సిజన్ తాగుతాయి. మొక్కలుంటే చీకట్లో అవీ తాగేవే. మేత తిన్న చేప పస్తున్న చేప కంటే ఎక్కువ పీలుస్తుంది. మూత బిగించి ఉంది, నీళ్ళు కదలడం లేదు. పై పొరలోకి కాస్త ఆక్సిజన్ దిగినా అడుక్కి చేరదు. అంత అవస్థలో ఉన్నవాటికి నేను ఇంకో గుప్పెడు వేయించాను. అది చాలక బోరు నీళ్ళు బకెట్టుతో తెచ్చి పోశాను. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ ఉండీ లేనట్టే ఉంటుంది. బోరు నీళ్ళు వాడాలంటే ముందు డ్రమ్ములో పోసి ఒక రాత్రంతా గాలి కొట్టాలి. ఆ సంగతి తెలిసీ మర్చిపోయాను.

మబ్బు పట్టి గాలి ఆడని రోజున చెరువుకి మేత ఎందుకు ఆపుతారో, అర్ధరాత్రి నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఎందుకు తిప్పుతారో నీకు చిన్నప్పుడే తెలుసు. తొట్టి కూడా చెరువే, కాకపోతే తప్పు దిద్దుకోవడానికి చెరువు ఇచ్చేంత వ్యవధి ఇవ్వదు.

కాబట్టి తొట్టి కొనేముందు కరెంటు సంగతి చూసుకో. మీ ఇన్వర్టరుకి ఫ్యాన్లూ లైట్లే కలిపి ఉంటారు, హాల్లో ప్లగ్గు కలపరు. మెయిన్ ఆపి ఏ ప్లగ్గు పనిచేస్తోందో చూడు. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకటి కలిపించు. దానికి తోడు యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటీ, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒకటీ. ఇంత చిన్న పంపు రాత్రంతా ఆడుతుంది. కానీ కొన్ని పవర్ బ్యాంకులు లాగే కరెంటు తక్కువగా ఉంటే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ముందుగా బకెట్టు నీళ్ళలో ఒక రాత్రి ఆడించి చూడు.

ఎయిర్ పంపు నీటి మట్టం కంటే పైన ఉండాలి. కింద పెడితే కరెంటు పోగానే పైపులోంచి నీళ్ళు వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి. కింద పెట్టక తప్పకపోతే పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు బిగించు. పాపాయి తిరిగే హాలు, వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదులు, నీటి బొట్టు ప్లగ్గు దాకా పోదు. బుడగల్లోంచే ఆక్సిజన్ వస్తుందనుకోకు. బుడగ అడుగు నీటిని పైకి తెచ్చి పై ముఖాన్ని కలియబెడుతుంది, పెద్ద పని అది. అందుకే బుడగలు వదిలే ఎయిర్ స్టోన్‌ని అడుగున పెట్టు, మధ్యలో వేలాడదీయకు. నీటి పైన ముడతలు కనిపించాలి. మూతకీ నీళ్ళకీ మధ్య రెండంగుళాలు, మూత వెనక సందు.

ఏ పంపూ లేకుండా కరెంటు పోతే, మూత తీసెయ్యి, మేత మానెయ్యి. చెంబుతో నీళ్ళు తీసి అడుగు ఎత్తు నుంచి అదే తొట్టిలో పొయ్యి. పది నిమిషాలకోసారి, ఒక్కోసారి ఇరవై ముప్పై చెంబులు. గదిలో ఉంచిన నీళ్ళుంటే నాలుగోవంతు మార్చు. చెరువుకి వేసే ఆక్సిజన్ బిళ్ళలు మావయ్యని అడుగుతావేమో, ఎకరాలకి కట్టిన మోతాదు అది, 42 లీటర్లకి వద్దు. కరెంటు నాలుగైదు గంటలు పోయి వచ్చిందనుకో, ఫిల్టర్ స్విచ్ వెంటనే వేయకు. లోపల ఊపిరాడక చచ్చిన బ్యాక్టీరియా, మురుగు ఉంటాయి. స్పాంజిని తొట్టి నీళ్ళలోనే పిండి, తర్వాత వెయ్యి. కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కి బతికినవి కూడా పోతాయి.

పుట్టినరోజుకి తొట్టి పెట్టు, చేపలు మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలాగి తేవాలి. చేప విసర్జించే అమ్మోనియాని తినే బ్యాక్టీరియా స్పాంజిలో పెరగడానికి అంత కాలం పడుతుంది. పాపాయి ఏడిస్తే బుడగలు చూపించు. రోజూ చిటికెడు మేత వేసి వదులు, ఆ బ్యాక్టీరియాకి ఆహారం. నీళ్ళు పరీక్షించే కిట్టులో అమ్మోనియా, దాన్నుంచి ఆ బ్యాక్టీరియా తయారుచేసే నైట్రైట్ అనే విషం, రెండూ సున్నా చూపిస్తేనే చేపలు, అవీ నాలుగేసి.

ఒకటి గుర్తుపెట్టుకో. చేపలన్నీ తెల్లవారుజామున పైకొచ్చి పగటికి దిగిపోతే ఆక్సిజన్ లోటు. గాలి పెంచిన గంటకి కూడా దిగకపోతే, మధ్యాహ్నం కూడా అలాగే ఉంటే నైట్రైట్ అయి ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా రక్తం దాన్ని మోయలేదు, మొప్పలు గోధుమరంగుకి తిరుగుతాయి. మూడోవంతు నీళ్ళు మార్చి, లీటరుకి గ్రాము చొప్పున రాళ్ళ ఉప్పు కరిగించి పొయ్యి. ఒక్క చేపే తేలితే దాని మొప్పల్లో జబ్బు చూడాలి. బజారులో కొర్రమీను గిన్నెడు నీళ్ళలో బతికుంటుంది కదా అని పోల్చుకోకు, అది పైకొచ్చి గాలి పీల్చే జాతి. గోల్డ్‌ఫిష్‌కి ఆ యోగం లేదు.

అందుకే, చేపలు వచ్చిన మొదటి పది రోజులూ నాలుగింటికి లేచి ఒకసారి చూడు. సాయంత్రం ఆరింటికి ఏ తొట్టయినా బాగానే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి నేనెలాగూ మెలకువగానే ఉంటాను, ఫోన్ చెయ్యి.

షాపువాడికి అడ్వాన్సు ఇచ్చేశానంటావా, డబ్బులు పోనీకు. రెండు ఉంచుకుని మిగతా పదీ ఇక్కడికి తీసుకురా. దొడ్లో పాత సిమెంటు తొట్టిని నిన్న కడిగించాను, వెయ్యి లీటర్ల పైమాటే. పాతదే కాబట్టి సున్నం ఊరదు. లకుముకి పిట్టకి అందకుండా పైన వల కట్టిస్తున్నాను. జామాకులు పడకుండా సన్న కన్నుల వలే తెమ్మన్నాను మావయ్యని. సెలవులకి పాపాయి వచ్చినప్పుడు మేత తనే వేస్తుంది, ఎంత వేయాలో నేను పక్కన కూర్చుని చెబుతాను.

మీ అత్తయ్య