వేసవిలో మడుగుల్లో నీళ్లున్నా నాటు చేపలు ఎందుకు తగ్గిపోతున్నాయి?

కర్నూలు దగ్గర తుంగభద్ర మడుగుల్లో మే నెలలోనూ నీళ్లుంటాయి కదా, మరి వాలుగ వంటి నాటు చేపలు ఎందుకు అరుదైపోయాయని మీరు అడిగారు. మాది తుంగభద్రపై ఉన్న సుంకేసుల బ్యారేజీకి దిగువన నది ఒడ్డు ఊరు. నీళ్లుండటం వేరు, ఆ నీళ్లలో చేప బతకగలగడం వేరని అక్కడే తెలుసుకున్నాను.

నీరు వేడెక్కితే చేప ఒళ్లూ వేడెక్కి దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది, కానీ అదే వేడికి నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములకు మించదు. పారుదల ఆగిన మడుగులో పాచి కూడా రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున పరిస్థితి మరీ కష్టం. ఒక మే నెలలో పొద్దు పొడవకముందే రేవుకు వెళ్లినప్పుడు, చేపలన్నీ నీటి పైపొరకు నోళ్లు ఆనించి గుటకలు వేస్తున్నాయి. మూరెడు వాలుగ ఒకటి ఒడ్డుకు ఒరిగి, నేను చేయి వేసినా కదలలేదు. అదే మడుగుకు పై వంపులో, ఇసుక మందంగా మిగిలిన చోట, చెలమ నీటిలా చల్లగా ఊట దిగుతుంటే చిన్న చేపలు ఆ అడుగు మేర చోటులోనే గుంపుగా నిలిచి ఉన్నాయి. మరుసటి ఏటికి ఆ ఇసుకను ఎత్తుకుపోయారు, ఊట ఆగిపోయింది. ఇసుక తవ్వకాన్ని బోర్లు ఎండిపోయే సమస్యగానే చూడటం నాకు అందుకే ఒప్పుకోబుద్ధి కాదు.

ప్రవాహం ఎప్పుడు వస్తుందన్నదీ అంతే ముఖ్యం. వాలుగ కొత్తనీరు రాగానే ఎదురెక్కి, మునిగిన గట్ల అంచుల్లో గుడ్లు పెడుతుంది. 1953 నుంచి తుంగభద్ర తొలి వరద ముందుగా హోస్పేట దగ్గరి జలాశయాన్ని నింపాలి, కాబట్టి దిగువకు ఆ కొత్తనీరు ఆలస్యంగా వస్తుంది. ఎక్కడైనా గేట్లు ఒక్కసారిగా ఎత్తి మళ్లీ దించితే, అంచుల్లో పెట్టిన గుడ్లు గాలికి ఎండిపోతాయి. బయటి నుంచి వచ్చిన తిలాపియాకు ఈ ఇబ్బంది తక్కువ: నిలిచిన వెచ్చని నీటిలోనూ గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుకుంటుంది.

మీరు దగ్గర్లో ఉంటే ఒక థర్మామీటరు తీసుకెళ్లి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, పైపొరలోనూ అడుగునా కొలిచి చూడండి. ఏ మడుగు అడుగు చల్లగా ఉంటుందో, వేసవిలో కనీసం దానిలోనైనా వల వేయకుండా ఊరివాళ్లను ఒప్పించండి.