టబ్బు నిండా నీళ్లున్నా జెర్బెరా తల ఎందుకు వాలుస్తోంది?

ప్రశ్న: పాలీహౌస్‌లో జెర్బెరా, బయట అరెకరంలో డబుల్ లిల్లీ వేశాను. పెళ్లి డెకరేషన్ల వాళ్లకు కాడలతో ఇస్తాను. మధ్యాహ్నం కోసి కాలువ నీళ్ల టబ్బుల్లో నిండుగా ముంచి పెడుతున్నాను. తెల్లారేసరికి జెర్బెరా మెడలు వాలిపోతున్నాయి. లిల్లీ పైమొగ్గలు విచ్చుకోవడం లేదు. పంచదార, ఆస్పిరిన్, రూపాయి బిళ్ల అన్నీ వేసి చూశాను. సీజన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు సార్?
– ఒక రైతు, కడియం మండలం

జవాబు: రెండు పూల బాధా ఒకటి కాదండీ. జెర్బెరాకు నీళ్లు అందడం లేదు, లిల్లీకి తిండి చాలడం లేదు.

ముందు జెర్బెరా సంగతి. పూరేకుల నుంచి నీరు ఆవిరవుతున్న కొద్దీ కాడలోని సన్నని గొట్టాలు కింది నుంచి నీటిని పైకి లాగుతుంటాయి. ఎండవేళ ఈ లాగుడు మరీ ఎక్కువ. అప్పుడు కోస్తే నీటికి బదులు గాలి లోపలికి పోతుంది. ఆ గాలి బుడగ గొట్టంలో అడ్డం పడ్డాక కాడను ఎన్ని నీళ్లలో పెట్టినా పైకి ఎక్కేది అంతంతమాత్రమే. అందుకని తెల్లవారుజామున కోయండి. జెర్బెరా కాడను కత్తితో కోయకుండా అడుగున పట్టుకుని పక్కకు వంచి లాగితే ఊడి వస్తుంది. కాడ మొదలు దగ్గర గట్టిగా ఉండే భాగం నీటిని సరిగా పీల్చదు. కాబట్టి టబ్బు నీళ్లలో ముంచి ఉంచే, పదునైన బ్లేడుతో చివర 2–3 సెం.మీ. ఏటవాలుగా కోసేయండి. చివర్లు నలగ్గొడితే నీరు బాగా ఎక్కుతుందని కొందరు చెబుతారు, వినకండి. నలిగిన చోటే ముందు కుళ్లుతుంది.

రెండో అడ్డు బ్యాక్టీరియా. నా లెక్కలో మీ అసలు శత్రువు ఇదే. కాలువ నీటిలో ఒండ్రు, కుళ్లిన ఆకు ఎటూ ఉంటాయి. జెర్బెరా కాడ నూగుతో మెత్తగా ఉంటుంది. నిండా ముంచితే రాత్రికి రాత్రే బ్యాక్టీరియా పెరిగి, కోసిన చివరను జిగురుతో పూడ్చేస్తుంది. మీరు వేసిన పంచదార దానికే మేత అయింది. ఇప్పటి రూపాయి బిళ్ల స్టెయిన్‌లెస్ స్టీలు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆస్పిరిన్ నీటిని కాస్త పుల్లబరుస్తుంది, అంతే. ఆ పని కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఇంకా బాగా చేస్తుంది. పుల్లటి నీరు కాడలోకి సులువుగా ఎక్కుతుంది, బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది.

వరద నీటికి పటిక తిప్పడం మీకు కొత్త కాదు కదా. కాలువ నీటికీ అలాగే తిప్పి, పైన తేరిన నీటినే వాడండి. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లు వాడాల్సి వస్తే, ఉప్పగా ఉన్నవి పూలకు పనికిరావు. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మేలు. టబ్బులను వాడిన ప్రతిసారీ సబ్బుతో రుద్ది కడగాలి. జెర్బెరా టబ్బులో 8–10 సెం.మీ. లోతు నీరు చాలు. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ద్రావణాన్ని లీటరుకు 1 మి.లీ. చొప్పున కలపండి. ఈ నీటిలో నిమ్మ ఉప్పు వేయొద్దు, రెండూ చిక్కగా కలిస్తే విషవాయువు వస్తుంది. టబ్బు మీద వల కట్టి, పూల తలలు దానిపై ఆనేలా కాడలు నిటారుగా దించండి. వంగి ఉండగా నీరు తాగిన కాడ ఆ వంపుతోనే బిగుసుకుపోతుంది.

పూవు మధ్యలోని చక్రంలో బయటి రెండు వరసలు విచ్చుకున్నాకే కోయాలి. అంతకుముందే కోస్తే మెడ ముదరదు. ఎన్ని చేసినా వాలుతుంది.

ఇక లిల్లీ. వెన్ను మీద కింది రెండు మూడు జతల పూలు విచ్చుకున్నప్పుడు కోస్తారు. పైమొగ్గలు తెరుచుకోవాలంటే చక్కెర కావాలి. మొక్క నుంచి తెగాక ఇక అందదు కాబట్టి మనమే ఇవ్వాలి. 20 లీటర్ల తేరిన నీటికి 400 గ్రాముల పంచదార, 5 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, రోజూ మార్చండి. నిమ్మ ఉప్పు లేకుండా పంచదార ఒక్కటే వేస్తే మళ్లీ మొదటికే వస్తారు.

కడియపులంక మార్కెట్‌కు విడిపూలుగా వేసే సింగిల్ లిల్లీకి ఇదంతా అక్కర్లేదు. ఎండ తగలకుండా తడి గోనె కప్పి పంపితే చాలు.