అడగండి చెప్తాం: జెండా ఒకరిది, ఓటు ఎవరిది?

ప్ర: ప్రపంచంలో ఇంకా 17 కాలనీలు ఉండాయని గ్రూప్స్ కోచింగ్‌లో మా సార్ చెప్తే క్లాసంతా నవ్వినాం. నిజమేనా సార్? నిజమైతే వాళ్ళు స్వాతంత్ర్యం ఎందుకు అడగరు? (డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

జ: నవ్వినందుకు మీ సార్‌కి ఒక టీ ఇప్పించు తమ్ముడూ, ఆయన చెప్పింది కరెక్టే. సొంత పాలన లేని ప్రాంతాలని ఐక్యరాజ్యసమితి దగ్గర ఒక లిస్టు ఉంది, అందులో 17 పేర్లు, 10 ఒక్క బ్రిటన్ కిందవే. ఎందుకు అడగరంటావా, కొన్ని చోట్ల ఓటింగ్ పెట్టి అడిగారు, జనమే వద్దన్నారు. 2013లో దక్షిణ అమెరికా పక్కనుండే ఫాక్లాండ్స్ దీవుల్లో బ్రిటన్‌తోనే ఉంటామని 1,513 మంది ఓటేస్తే వద్దన్నది ముగ్గురే ముగ్గురు (ఆ ముగ్గురూ ఎవరో ఊరందరికీ తెలిసే ఉంటుందని నా డౌటు). ఇంక టోకెలావ్ అని న్యూజిలాండ్ కింద మూడు పగడపు దీవులు, జనం 1,500 అటూ ఇటూ, ఎయిర్‌పోర్టు లేదు, సమోవా నుంచి షిప్పులో రోజుకి పైగా పోవాల. సొంతంగా ఉండండి, సాయం మేం చేస్తాం అని న్యూజిలాండే ముందుకొచ్చినా రెండుసార్లు ఓటింగ్‌లో తేలలేదు, మూడింట రెండొంతులు రావాలని రూలు, 2007లో 16 ఓట్లు తక్కువై ఆగిపోయింది. పాస్‌పోర్టు, పెద్దాసుపత్రి, బడ్జెట్ డబ్బులు అన్నీ అవతలి నుంచి వచ్చేచోట జనం రెండుసార్లు ఆలోచిస్తారు మరి. అదీకాక విడిపోవడం ఒక్కటే దారి కాదు. 1960లో ఐరాస 1541 తీర్మానం మూడు దారులు చెప్పింది, విడిపోయి దేశం కావడం, ఇంకో దేశంలో సమానంగా కలిసిపోవడం, లేదంటే మధ్యరకం ఒప్పందం. కుక్ ఐలాండ్స్ 1965 నుంచి ఈ మధ్యరకమే, ప్రభుత్వం సొంతం, పౌరసత్వం న్యూజిలాండ్‌ది. ఆ తీర్మానం నంబరు రాసి పెట్టుకో, పరీక్షలో వచ్చినా రావచ్చు.

ప్ర: న్యూ కలెడోనియాలో మూడుసార్లు ఓటింగ్ పెట్టి స్వాతంత్ర్యం వద్దని తేలిపోయింది కదా, మళ్ళీ 2024లో ఆ తగలబెట్టడాలేంది? (టీచరమ్మ, పలమనేరు)

జ: పసిఫిక్ సముద్రంలో ఫ్రాన్స్ కిందుండే ఆ దీవిలో తేలిపోయిందా లేదా అన్నదే అసలు గొడవ మేడమ్. 2018లో వద్దన్నోళ్ళు 56.7 శాతం, 2020కి 53.3కి దిగింది, అంటే తేడా తగ్గుతా వస్తా ఉంది. 2021లో కోవిడ్ వచ్చి అక్కడి మూలవాసులు కనక్ వాళ్ళ ఇళ్ళల్లో చావులు, మేం దుఃఖంలో ఉండాం వాయిదా వెయ్యండి అని అడిగితే పారిస్‌లోని ఫ్రాన్స్ సర్కారు వినలా, వాళ్ళు ఓటింగ్‌కే రాలా, పోలింగ్ 44 శాతం, అందులో వద్దన్నది 96 శాతం. చట్టం ప్రకారం అది చెల్లుతుంది, కాదనను, కానీ అడిగినోళ్ళే రాని ఓటింగ్‌ని ఫైనల్ అంటే ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి. దీనికింద ఇంకో పాత లెక్క ఉంది. 1853లో ఫ్రాన్స్ ఆ దీవిని తీసేసుకుని ముందు ఖైదీల్ని దించింది, తర్వాత నికెల్ గనులు బాగా నడిచిన రోజుల్లో ఇంకా జనం వచ్చి పడ్డారు, 2019 లెక్కల నాటికి కనక్ వాళ్ళు 41 శాతమే. అందుకే ఫ్రాన్స్‌కీ అక్కడి పార్టీలకీ మధ్య కుదిరిన 1998 నూమేయా ఒప్పందం నుంచి వచ్చిన ఏర్పాటు ఏందంటే, ఆ తర్వాత వచ్చినోళ్ళకి అక్కడి ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు లేదు. 2024లో పదేళ్ళుగా ఉన్నోళ్ళకి ఓటిస్తామని పారిస్ బిల్లు పెట్టగానే మంటలు లేచినాయి, పదిమందికి పైగా చనిపోయారు. పదేళ్ళున్నా ఓటివ్వకపోతే అదేం ప్రజాస్వామ్యం అని తర్వాత వచ్చినోళ్ళు, మమ్మల్ని మా ఊర్లోనే తక్కువ చేసినాక తీరిగ్గా ఓట్లు లెక్కపెడతారా అని కనక్ వాళ్ళు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది గానీ నాకైతే రెండోదే ఎక్కువ బరువనిపిస్తుంది.

ప్ర: 1960లో మా ఊర్ని మద్రాసు నుంచి ఆంధ్రాకి మార్చినారని మా తాత చెప్తాడు. అప్పుడు మా వాళ్ళని ఓటింగ్ అడిగినారా? (ఒక పాఠకుడు, సత్యవేడు)

జ: లేదప్పా. పటాస్కర్ ఫార్ములా అని, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకుని ఏ భాషోళ్ళు ఎక్కువ, ఊరు దేనికి ఆనుకుని ఉంది అని చూసి గీత గీశారు, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, మీవైపు ఇటొచ్చింది. తిరుత్తణి పోయిందని మనోళ్ళు ఇప్పటికీ బాధపడతారు. అయినా దాన్ని వీటితో కలపలేం, ఎందుకంటే ఏ పక్క పడినా మీ తాత ఓటు అదే ఢిల్లీ పార్లమెంటుకి అంతే విలువతో పోయింది. కరీబియన్‌లో అమెరికా కిందుండే ప్యూర్టోరికో దీవి చూడు, అక్కడోళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులే, ఆ దీవిలో ఉన్నంతకాలం ప్రెసిడెంట్‌కి ఓటు లేదు, ప్రతినిధుల సభలో ఒక మనిషి ఉంటాడు, బిల్లు పాసయ్యేటప్పుడు ఆయనకి ఓటు లేదు. 2020లో మమ్మల్ని రాష్ట్రం చెయ్యండని 52 శాతం మంది అడిగినారు, అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఇంకా రాష్ట్రం చెయ్యలా.

ప్ర: ట్రంప్ గ్రీన్‌లాండ్‌ని నిజంగా కొనేయొచ్చా? (మామిడి వ్యాపారి, చిత్తూరు)

జ: మండీలో బేరం కాదన్నా ఇది. 2009 చట్టం ప్రకారం డెన్మార్క్‌తో ఉండాలా విడిపోవాలా అన్నది గ్రీన్‌లాండ్ జనమే మొదలుపెట్టాల, డెన్మార్క్ రేటు చెప్పి అమ్మే వస్తువు కాదు. ఒకప్పుడు మాత్రం ఇట్లాంటి బేరం జరిగింది. కరీబియన్‌లో వర్జిన్ ఐలాండ్స్‌ని 1917లో డెన్మార్క్ నుంచి అమెరికా 2.5 కోట్ల డాలర్లకి కొనింది, అమ్మాలా వద్దా అని డెన్మార్క్‌లో ఓటింగ్ పెట్టారు గానీ అందులో దీవులోళ్ళకి ఓటే లేదు. ఇంకో తమాషా, అదే బేరంలో భాగంగా, గ్రీన్‌లాండ్ మొత్తం మీద డెన్మార్క్ పట్టు పెంచుకుంటే మాకేం అభ్యంతరం లేదని అమెరికానే కాగితం మీద రాసిచ్చింది.