మొక్కజొన్నలో కూర అలసంద మొలిచి మాడిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నీటి వసతి ఉన్న రెండెకరాల్లో మొక్కజొన్న వేస్తున్నాను. పోయినసారి సాళ్ల మధ్య కూర అలసంద వేస్తే బాగానే మొలిచింది గానీ, రెండు వారాలు తిరిగేసరికి ఆకుల అంచులు పండి, మాడి చచ్చిపోయింది. మొక్కజొన్నకు ఏమీ కాలేదు. ఈసారి ఏది వేస్తే మంచిది? మొక్కజొన్న దిగుబడి తగ్గదా?

జవాబు: ముందు ఆ మాడిన సంగతి చూద్దాం. విత్తగానే కలుపు మందుగా అట్రజిన్ కొట్టి ఉంటారు. ముదురాకుల అంచుల నుంచి పసుపెక్కి ఎండుతూ రావడం దాని లక్షణమే. మొక్కజొన్న ఆ మందును తనలోనే నిర్వీర్యం చేసుకుంటుంది. అలసందకు, చిక్కుళ్లకు ఆ శక్తి లేదు. అంతరపంట వేసే చేలో అట్రజిన్ జోలికి పోవద్దు. దాని బదులు పెండిమిథాలిన్ 30 శాతం మందును ఎకరాకు లీటరు చొప్పున 200 లీటర్ల నీటిలో కలిపి, విత్తిన 48 గంటల్లోపు తడి నేలపై పిచికారీ చేయండి. మొలిచాక కొట్టే 2,4-డి, టెంబోట్రయోన్ కూడా వద్దు. ఆ తర్వాత వచ్చే కలుపును మనుషులతో తీయించాల్సిందే.

ఇక సాళ్లు. అన్నీ 60 సెంటీమీటర్ల దూరంలో కాకుండా రెండు సాళ్లు 45 సెంటీమీటర్లలో, ఆ జంటకూ పక్క జంటకూ మధ్య 75 సెంటీమీటర్లు వచ్చేలా విత్తండి. మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు ఉంచితే మొక్కజొన్న మొక్కల సంఖ్య ఏమాత్రం తగ్గదు. ఆ 75 సెంటీమీటర్ల ఖాళీలో 25 సెంటీమీటర్ల ఎడంతో రెండు వరుసల అంతరపంట పడుతుంది. రెండింటినీ ఒకే రోజు విత్తాలి. పది రోజులు ఆలస్యమైనా కింది పంట నీడలో పడి తీగసాగుతుంది, కాయ కట్టదు.

పంట విషయంలో నేనైతే పొదగా పెరిగే కూర అలసందకే ఓటు వేస్తాను. 45–50 రోజులకు మొదటి కోత వస్తుంది. చల్లని వాతావరణమైతే పొద రకం ఫ్రెంచి చిక్కుడు బాగుంటుంది. తీగ రకాలు మాత్రం వద్దు, మొక్కజొన్నను చుట్టేసి కిందకు లాగుతాయి.

చిక్కుడు జాతి కదా, నత్రజని అదే ఇస్తుందిలే అని మొక్కజొన్నకు యూరియా తగ్గించకండి. వేరుబుడిపెల్లో చేరిన నత్రజనిలో ఎక్కువ భాగం ఆ మొక్కే వాడుకుంటుంది, మిగిలింది తర్వాతి పంటకు అందుతుంది. ఫ్రెంచి చిక్కుడుకైతే తన అవసరానికి సరిపడా నత్రజనిని కూడా గాలి నుంచి పట్టుకునే శక్తి లేదు. పైపాటు యూరియాను మొక్కజొన్న మొదళ్ల పక్కనే వేయండి.

లాభం ఎలా లెక్కగట్టాలంటే, విడిగా వేస్తే ఎకరాకు 30 క్వింటాళ్ల మొక్కజొన్న గానీ 20 క్వింటాళ్ల కాయలు గానీ పండే నేల అనుకోండి. కలిపి వేసినప్పుడు మొక్కజొన్న 27, కాయలు 8 క్వింటాళ్లు వస్తే, విడిగా వచ్చే దిగుబడిలో అవి 0.9, 0.4 వంతులు; రెండూ కలిపి 1.3. అంటే ఒక ఎకరా 1.3 ఎకరాల పని చేసినట్టు. మొక్కజొన్న మూడు క్వింటాళ్లు తగ్గినా నష్టమేమీ లేదు. అయితే కోత కూలి ఇందులో లేదు. రెండు మూడు రోజులకోసారి కోయడానికి ఇంట్లో మనుషులు లేకపోతే ఈసారికి అర ఎకరంతో ఆగండి.

కత్తెర పురుగుకు మందు కొట్టేటప్పుడు మరీ జాగ్రత్త. కాయలు మొదలవక ముందే మొక్కజొన్న సుడులు (నడిమి లేత ఆకుల చుట్ట) చూస్తూ, పురుగు చిన్నగా ఉన్నప్పుడే వేపనూనెతో అదుపు చేయండి. రసాయన మందు తప్పనిసరైతే అది కింది కూరగాయకూ సిఫారసు చేసిందో లేదో లేబుల్‌పై చూసి, ముందు కాయలు కోసేసి, సుడిలోనే పడేలా కొట్టండి. లేబుల్‌పై రాసిన గడువు తీరేదాకా మళ్లీ కోయవద్దు. ఆలోగా ముదిరిన కాయలను విత్తనానికి వదిలేయండి.