‘ప్లేయర్ ఇష్యూ’ అని చెప్పి షాపు జెర్సీ అంటగడితే?

సందేహం: మాది గుంటూరు. మ్యాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడికి దగ్గర్లోని అక్రింగ్టన్ స్టాన్లీ ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీలు సేకరించడం నాకు పిచ్చి. ఆ జట్టు లీగ్ టూ (ఇంగ్లండ్‌లో నాలుగో అంచె లీగ్) గెలిచిన 2017-18 సీజన్‌లో ఆటగాడు మ్యాచ్‌లో వేసుకున్న ‘ప్లేయర్ ఇష్యూ’ జెర్సీ అంటూ ఆన్‌లైన్‌లో ఒకాయన పెడితే, క్రెడిట్ కార్డు మీద 180 పౌండ్లు పెట్టి కొన్నాను. చేతికొచ్చి ఆరు వారాలైంది. మొన్న గ్రౌండ్‌లో పాత అభిమాని ఒకాయన చూసి, ఇది షాపు జెర్సీకి నంబరు అతికించిందే అన్నారు. అమ్మినాయనేమో ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాను, వాపసు లేదు’ అంటున్నాడు. 420 కేసు పెట్టొచ్చా? లేక నేనూ ఇంకెవరికైనా అమ్మేసి వదిలించుకోనా? ఇంకో డౌటు. ఒక మ్యాచ్ అయ్యాక ఆటగాడొకరు తన జెర్సీ విప్పి నాకిచ్చారు. అది క్లబ్ ఆస్తి, అడిగితే ఇచ్చేయాల్సిందే అని మిత్రుడొకడు భయపెడుతున్నాడు. నిజమేనా?

సమాధానం: కొన్నది ఇంగ్లండ్‌లో, అమ్మినవాడూ అక్కడివాడే కాబట్టి మీకు వర్తించేది అక్కడి చట్టమే. పెద్ద క్లబ్బుల్లో ఆటగాళ్ల జెర్సీ బట్ట, కుట్టు వేరుగా ఉంటాయి, పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. కింది లీగుల్లో అలా కాదు. చాలాసార్లు ఆటగాడు వేసుకునేదీ, షాపులో వేలాడేదీ ఒకే జెర్సీ. భుజం మీది లీగ్ బ్యాడ్జి, నంబరు, పేరు, స్పాన్సరు ముద్ర, అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న చరిత్ర, వీటికే మీరు అదనంగా డబ్బు కట్టారు. ‘బట్ట మంచిదే కదా’ అని అమ్మినాయన వాదిస్తే, మీరు కొన్నది బట్ట కాదు, ఆయన రాసిన వర్ణన.

అందుకే ముందు ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆయన తీసేశాడంటే మీ కేసు సగం పోయినట్టే. అందులో ‘మ్యాచ్‌లో వేసుకున్నది’ అని సూటిగా ఉందా, లేక ‘ప్లేయర్ స్టైల్’ లాంటి తప్పించుకునే మాట ఉందా చూడండి. రెండోదైతే మీ వాదన బాగా బలహీనపడుతుంది.

మీరు పంపిన ఫోటోల్లో నాకు కనిపించిన గట్టి సాక్ష్యం భుజం మీది బ్యాడ్జి. దాని మీద పాత ‘ఫుట్‌బాల్ లీగ్’ పేరుంది. ఆ లీగ్ పేరు 2016-17 సీజన్ నుంచే ఈఎఫ్ఎల్‌గా (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్) మారింది. 2017-18లో ఆడిన జెర్సీ మీద పాత బ్యాడ్జి ఎలా వస్తుంది? (1888లో ఆ లీగ్ పెట్టిన పన్నెండు క్లబ్బుల్లో అక్రింగ్టన్ పేరుతో ఒకటుంది, మీ స్టాన్లీ అది కాదు. అమ్మినాయన చరిత్ర చెప్పడం మొదలుపెడితే ఉపయోగపడుతుంది.) ఆ సీజన్ మ్యాచ్ ఫోటోలు తీసుకుని నంబరు ఎంత ఎత్తులో ఉందో, స్పాన్సరు ముద్ర ఎక్కడుందో పోల్చండి. క్లబ్బుకు మెయిల్ రాసి వాళ్ల జవాబు కూడా దాచుకోండి.

ఇక అమ్మినాయన వ్యాపారా, మామూలు మనిషా అన్నది తేలాలి. ప్రొఫైల్‌లో ‘ప్రైవేట్ సెల్లర్’ అని రాసుకున్నంత మాత్రాన సరిపోదు. లాభానికి వరసగా జెర్సీలు కొని అమ్ముతుంటే కోర్టు ఆయన్ని వ్యాపారిగానే చూసే అవకాశం ఎక్కువ. అప్పుడు 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ వర్తిస్తుంది. సరుకు వర్ణనకు సరిపోవాలన్నది అందులోని 11వ సెక్షన్. ‘వాపసు లేదు’ అన్న షరతు దాని ముందు చెల్లదు. వెంటనే తిరస్కరించే 30 రోజుల గడువు మీకు దాటిపోయింది, కానీ కంగారు పడకండి. ఆ తర్వాత మామూలుగా బాగుచేసే లేదా మార్చి ఇచ్చే అవకాశం అమ్మినవాడికి ఇవ్వాలి. ఆటగాడు వేసుకున్న జెర్సీని మార్చి ఇవ్వడం ఎలా? అది కుదరదు కాబట్టి మొత్తం డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆరు నెలల్లోపు అడిగితే వాడుకున్నందుకు కోత కూడా ఉండదు.

నిజంగానే మామూలు మనిషి అయితే 1979 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 13వ సెక్షన్ ఉంది. వర్ణనకు సరిపోవాలన్న నియమం వ్యాపారి కానివాళ్లకూ వర్తిస్తుంది. అయితే ఆలస్యం చేస్తే వాపసు హక్కు పోయి నష్టపరిహారమే మిగులుతుంది. అందుకే ఈ వారమే రాతపూర్వకంగా ‘తిరస్కరిస్తున్నాను’ అని పంపండి.

క్రెడిట్ కార్డు వాడడం మంచి పని. 100 పౌండ్లు దాటి 30,000 వరకు ధర ఉన్న వస్తువైతే, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ కింద బ్యాంకునూ అడగొచ్చు. చిక్కేమిటంటే, డబ్బు మధ్యలో ఇంకో పేమెంట్ సంస్థ ద్వారా వెళ్లి ఉంటే బ్యాంకు అడ్డం తిరగొచ్చు. అప్పుడు ఛార్జ్‌బ్యాక్, అంటే కార్డు సంస్థ నియమాల ప్రకారం కట్టిన డబ్బు వెనక్కి రప్పించమని బ్యాంకును అడగండి. దాని గడువు సాధారణంగా 120 రోజులు. ఇవేవీ పనిచేయకపోతే, డబ్బు కట్టడానికి 14 రోజుల గడువిస్తూ నోటీసు పంపి కోర్టులో స్మాల్ క్లెయిమ్ (చిన్న మొత్తాల దావా) వేయొచ్చు. 10,000 పౌండ్ల లోపు డబ్బు తగాదాలకు ఆ దారి ఉంది, లాయరు అక్కర్లేదు.

420 సంగతి. మన దగ్గరే 2024 జూలై 1 నుంచి ఆ నంబరు పోయి భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. ఇంగ్లండ్‌లో 2006 నాటి ఫ్రాడ్ యాక్ట్ ఉంది. కానీ ఆయన తెలిసే అబద్ధమాడాడని రుజువు చేయాలి. ఆయనా ఎవరి దగ్గరో మోసపోయి కొని ఉండొచ్చు. ముందు డబ్బు రాబట్టుకోండి, పోలీసు ఫిర్యాదు తర్వాత చూద్దాం.

ఆటగాడిచ్చిన జెర్సీ విషయంలో మీ మిత్రుడి మాటలో కొంత నిజముంది. కిట్ క్లబ్బుదైతే, తనది కానిదాన్ని ఇచ్చే హక్కు ఆటగాడికి లేదు. అయితే మ్యాచ్ అయ్యాక జెర్సీలు పంచడాన్ని క్లబ్బులు చూస్తూనే ఊరుకుంటాయి. ఆ ఆనవాయితీనే అనుమతిగా చూపించొచ్చు. ఎవరు, ఏ మ్యాచ్ తర్వాత, ఏ తేదీన ఇచ్చారో రాసి, ఆ రోజు టికెట్టు, ఫోటో ఉంటే జతచేసి పెట్టుకోండి. రేపు అమ్మాలన్నా ఆ కాగితమే దాని విలువ.

ఆ 180 పౌండ్ల జెర్సీని మాత్రం అదే వర్ణనతో ఇంకొకరికి అమ్మకండి. నిన్నటిదాకా మీకు తెలియదు. ఇప్పుడు తెలుసు కాబట్టి, ఇందాక చెప్పిన ఫ్రాడ్ యాక్ట్ ఈసారి మీకే చుట్టుకుంటుంది. షాపు జెర్సీ అని చెప్పి, షాపు జెర్సీ ధరకే అమ్ముకుంటే ఇబ్బంది లేదు. అదీ వాపసు గొడవ తేలాకే. జెర్సీ మీ దగ్గర లేకపోతే తిరిగిచ్చేది ఏముంటుంది?