90 మంది ఉన్న ఇంగ్లీష్ క్లాసులో అందరి చేతా మాట్లాడించడం

మేడమ్, డిగ్రీ ఫస్టియర్‌లో 90 మంది, 50 నిమిషాల పీరియడ్, ముందు బెంచీలవాళ్లే నోరు విప్పుతున్నారని రాశారు. ఒక్కొక్కరినీ లేపి అడిగితే మనిషికి అర నిమిషమే వస్తుంది, మిగతా 89 మంది ఊరికే కూర్చుంటారు. అందుకే గుంపులు చేయండి. బెంచీలు కదలవు కాబట్టి బేసి వరుసలవాళ్లను వెనక్కి తిరగమంటే చాలు, నలుగురేసి అవుతారు. పని ముందే బోర్డు మీద ఉండాలి: "ఊరికి బస్సా, రైలా? రెండు కారణాలు." 4 నిమిషాలు ఇవ్వండి. ఎక్కువిస్తే తెలుగులోకి జారిపోతారు. గోల తప్పదు, భయపడకండి. మీరు చెయ్యెత్తితే ఆపడం మొదటి వారమే అలవాటు చేయండి. తర్వాత వెనక బెంచీలో ముగ్గురిని లేపి, పక్కవాళ్లు ఏమన్నారో చెప్పమనండి. అప్పుడు వినక తప్పదు. "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" లాంటివి మధ్యలో దిద్దితే మళ్లీ నోరు తెరవరు. రాసుకుని, చివర్లో పేర్లు లేకుండా బోర్డు మీద పెట్టండి.