అమెరికాలోని కంబర్లాండ్ దీవికి ఒక్క రోజు చాలుతుందా? పెద్దవాళ్ళను తీసుకెళ్ళవచ్చా?

ఒక్క రోజు చాలుతుంది, పెద్దవాళ్ళను నిక్షేపంగా తీసుకెళ్ళవచ్చు; కాని మీరు రాసిన జాబితాలో సగం కొట్టివేయవలసి ఉంటుంది. అడవి గుర్రాలు, కార్నెగీల శిథిల భవనం, కెన్నెడీ కుమారుడి పెళ్ళి జరిగిన చర్చి, సముద్రతీరం, ఇవన్నీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారితో ఒకే రోజున చూడగలమా అని అడిగారు. చూడలేరు, చూడనక్కరలేదు కూడా. నేను ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఉంటాను. ఆ దీవికి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను; మొదటి మూడుసార్లూ మీలాగే జాబితా పట్టుకొని పరుగులు పెట్టాను. కిందటి నవంబరులో మా అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు మాత్రం రోజులో సగం ఒక్క గోడ ముందే గడిచిపోయింది, నాకు బాగా గుర్తున్నది కూడా ఆ రోజే.

ముందు ప్రయాణం సంగతి చెబుతాను. దీవికి వంతెన లేదు. జార్జియా రాష్ట్రపు ఆగ్నేయ మూలన ఉన్న సెయింట్ మేరీస్ అనే చిన్న ఊరి రేవు నుంచి లాంచీలో 45 నిమిషాలు ప్రయాణించాలి. రోజుకు కొద్దిమందినే అనుమతిస్తారు కాబట్టి టికెట్లు ముందే తీసుకోవాలి. అట్లాంటా నుంచి అక్కడికి కారులో అయిదు గంటల పైమాటే, కనుక ముందు రోజే చేరుకొని అక్కడ నిద్రచేసి ఉదయం మొదటి లాంచీ ఎక్కండి. వేసవిలో మాత్రం వద్దు. ఆ ఉక్కను ఎలాగో ఓర్చుకున్నా, ఉప్పుగడ్డి బురదల నుంచి లేచే, కంటికి ఆనని దోమల్లాంటి పురుగులు పెద్దవాళ్ళను కూర్చోనివ్వవు. ఒక్కరోజు యాత్రికులకు దీవిలో కొనుక్కు తినడానికి ఏమీ దొరకదు, మన చెత్తను కూడా మనమే తిరిగి మోసుకొని రావాలి. ఈ మాట చెప్పగానే మా అమ్మ రాత్రికి రాత్రే చింతపండు పులుసు ఉడికించి, తెల్లవారేసరికి రెండు డబ్బాల పులిహోర కలిపి, "ఇన్నాళ్ళకు నా వంటతో పనిబడ్డ ఊరు చూపిస్తున్నావురా" అని సంతోషించింది.

ఇలాంటి దీవి తెలుగువారికి కొత్తది కాదు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట ఎలా ఉందో, ఉప్పుగడ్డి మైదానాలకూ అట్లాంటిక్‌కూ నడుమ కంబర్లాండ్ అలాగే సుమారు 28 కిలోమీటర్ల పొడవున ఇసుక గట్టులా ఉంటుంది. చంద్రుడి మీదికి మనిషిని పంపే రాకెట్లకు తగిన చోటు కోసం 1961లో నాసా వెదికినప్పుడు పరిశీలించిన స్థలాల్లో కంబర్లాండ్ కూడా ఒకటి. చివరకు ఫ్లోరిడాలోని మెరిట్ దీవిని ఎంచుకున్నారు. 1969లో మనవాళ్ళు శ్రీహరికోటను ఎంచుకునే నాటికి, కంబర్లాండ్‌లో ఒక వ్యాపారి అంతకు ముందు ఏడాదే వేల ఎకరాలు కొని విడిది నగరం కట్టాలని చూస్తున్నాడు. దాని మీద పెద్ద వ్యతిరేకత వచ్చి, భూములు చేతులు మారి, 1972లో దీవిని జాతీయ సముద్రతీరంగా ప్రకటించారు. అక్కడ మీకు ఇంత అడవి కనిపించడానికి కారణం ఈ రెండు గండాలూ తప్పిపోవడమే.

మేము డంజినెస్ రేవులో దిగాము. దారి పొడవునా ఓక్ చెట్ల కొమ్మలు మోచేతుల్లా వంగి నేలకు దిగి ఉంటాయి, వాటి నుంచి బూడిదరంగు స్పానిష్ నాచు వేలాడుతూ ఉంటుంది. పేరుకు నాచేగాని అది అనాస కుటుంబానికి చెందిన మొక్క. అమ్మ దాన్ని చూసి, "ఈ మునులు ఎన్నేళ్ళయిందో తలంటు పోసుకుని" అన్నది. చెట్లు దాటగానే శిథిల భవనం ఎదురవుతుంది. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీకి తమ్ముడైన థామస్ 1884లో దాన్ని కట్టడం మొదలుపెట్టి రెండేళ్ళకే చనిపోతే, భార్య లూసీ తొమ్మిది మంది పిల్లలతో అక్కడ ఉంటూ దానిని పెంచుకుంటూ పోయింది. 59 గదులయ్యాయని చెబుతారు. 1959లో అది కాలిపోయింది. వెళ్ళినప్పుడల్లా నేను అరగంట సేపు ఫొటోలు తీసుకున్నది అక్కడే. నాన్నగారు మాత్రం దాన్ని ఒక చూపు చూసి, "ఇటుకా రాయీ పనేగా" అని ముందుకు నడిచారు. ఆయన దివిసీమలో నలభై ఏళ్ళు తాపీ మేస్త్రిగా పనిచేసిన మనిషి.

అక్కడికి దగ్గరలోనే ఒక చిన్న పాత ఇల్లు ఉంది. నేను మూడుసార్లూ దాని పక్క నుంచే నడిచి వెళ్ళాను గాని ఆగింది లేదు. నాన్నగారు ఆగారు. పై పూత లేని చోట గోడ నిండా ఆలిచిప్పలు, విరిగినవి కొన్ని, మొత్తంగా ఉన్నవి కొన్ని, జీడిపాకంలో పల్లీల్లా కూరుకుపోయి కనిపిస్తున్నాయి. ఆయన చేతులు వెనక్కు కట్టుకొని, ముఖాన్ని గోడకు జానెడు దూరానికి తీసుకువెళ్ళి, "ఒరేయ్, ఇది గుల్లసున్నంరా" అన్నారు. ఆ సమయానికి అక్కడికి వచ్చిన ఉద్యానవన ఉద్యోగిని నవ్వుతూ, దీనిని 'టాబీ' అంటారని చెప్పింది. నాన్నగారు నా వైపు తిరిగి, "విన్నావా, తాపీ అంటున్నది" అన్నారు. ఆ మాట స్పానిష్ 'తాపియా' నుంచి వచ్చిందని చెబుతారని నేను తరువాత చదివి చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. అంతగా పోలిన పని, అంతగా పోలిన పేరు వేరు వేరు చోట్ల పుట్టవన్నది ఆయన వాదం. రుజువు అడక్కండి, నేనూ ఆయన పక్షమే.

తరువాతి గంట ఆయన ప్రశ్నలను నేను ఇంగ్లీషులోకి, ఆమె జవాబులను తెలుగులోకి మారుస్తూ గడిపాను. ఆలిచిప్పలను కట్టెలతో కాల్చి సున్నం చేసి, దానిలో ఇసుక, నీళ్ళు, కాల్చని చిప్పలు కలిపి, చెక్క పలకల మధ్య పోసి కుదించి, ఒక పోత గట్టిపడ్డాక పలకలను పైకి జరిపి మరొక పోత పోసేవారట. నాన్నగారు వెంటనే, సముద్రపు గుల్లలో ఉప్పు ఉంటే గోడ నిలవదు కదా, ఎలా కడిగేవారు అని అడిగారు. ఆమె ఈసారి నవ్వలేదు, నోటుపుస్తకం మూసి ఆయన వైపు శ్రద్ధగా చూసింది. యూరోపియన్లు రాకముందు ఇక్కడ బతికిన తిముక్వా ప్రజలు, వారి పూర్వులు తిని పారవేసిన చిప్పలు దిబ్బలుగా పేరుకొని ఉండేవని, వందల ఏళ్ళ వానలకు వాటిలోని ఉప్పు కొట్టుకుపోయేదని, అందుకే ఆ దిబ్బలనే తవ్వి వాడేవారని చెప్పింది. నాన్నగారు తృప్తిగా తల ఊపి, తమ వైపు డంగు సున్నాన్ని గానుగలో ఆడి బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారని ఆమెకు చెప్పమన్నారు. కరక్కాయకు ఇంగ్లీషు మాట నాకు తెలియక చాలాసేపు చేతులతో తిప్పలు పడ్డాను.

చివరకు ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: "మేస్త్రి పేరు ఎక్కడన్నా రాశారా?"

రాయలేదు. దీవిలో పేర్లకు కొదవ లేదు. 1736లో వేట విడిది కట్టి డంజినెస్ అని పేరు పెట్టాడని చెప్పే, జార్జియా వలస స్థాపకుడు ఓగల్‌థార్ప్ పేరుంది. 1783లో ఇక్కడ భూమి కొన్న, అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనాని నతానియేల్ గ్రీన్ పేరు, అతను పోయాక 1803 ప్రాంతంలో ఈ టాబీతోనే నాలుగంతస్తుల భవనం కట్టించిన భార్య కేథరిన్ పేరు ఉన్నాయి. పత్తి నుంచి గింజలు వేరుచేసే యంత్రాన్ని ఎలీ విట్నీ 1793లో తయారుచేసింది సవానా దగ్గర ఈ కేథరిన్ తోటలో అతిథిగా ఉన్నప్పుడే. ఆ యంత్రంతో పత్తి సాగు ఎంత పెరిగిందో బానిసల చాకిరీ కూడా అంత పెరిగింది. చిప్పలు తవ్వినదీ, బట్టీ కాల్చినదీ, పలకలు జరిపినదీ ఆ బానిసలే. 1815లో బ్రిటిషు నౌకాదళం ఈ దీవిని ఆక్రమించినప్పుడు చుట్టుపక్కల నుంచి వందలాది బానిసలు పారిపోయి వచ్చి ఓడలెక్కి విముక్తులయ్యారు. ఈ గోడ పోసినవారు ఎవరైనా ఆ ఓడల్లో ఉన్నారేమోనని నాన్నగారు అడిగితే, ఉండవచ్చునని మాత్రం ఆమె అన్నది.

ఇక మీ జాబితా. ఆ చర్చి దీవి ఉత్తర కొసన ఉంది. వ్యాను యాత్రకు వెళితే రోజంతా దానికే సరిపోతుంది. 1996 నాటి కెన్నెడీ పెళ్ళి కోసం కాక, 1893లో నల్లజాతి కార్మికులు నెలకొల్పుకున్న ప్రార్థనాలయంగా చూడాలనుకుంటే మరొకసారి వెళ్ళండి. గుర్రాల కోసం వెదకనక్కరలేదు, అవే ఎదురవుతాయి. వాటికి మేతగాని వైద్యంగాని ఎవరూ ఇవ్వరు, చాలా వాటికి డొక్కలు కనిపిస్తూ ఉంటాయి. ఈ సంగతి తెలియకుండా, 50 అడుగుల దూరంలో ఉండమన్న పలక ముందే నిలబడి పసివాడిని గుర్రం పక్కకు తోసి ఫొటో తీసిన ఒక తెలుగు కుటుంబాన్ని ఆ రోజు చూశాను. వారి సంచిలో నుంచి పాటలు కూడా మోగుతున్నాయి. గుర్రం వెనుకకాలు ఎత్తేసరికి మా అమ్మే కేకవేసి పిల్లవాడిని ఇవతలకు లాగింది. వాళ్ళు ఆమె మీదే చిరాకు పడ్డారు.

మధ్యాహ్నం పులిహోర తిని, ఇసుకదిబ్బల మీదుగా తీరానికి నడిచాము. కనుచూపు మేరకు ఒక్క కట్టడం లేని తీరం అది. దిబ్బల మీద గడ్డి వేళ్ళు ఇసుకను పట్టి ఉంచడం చూసి అమ్మ, "మన ముందర ఇలాంటి దిబ్బ ఉంటే ఆ రాత్రి అంతమంది పోయేవారు కాదేమో" అన్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి మా ఇంట్లో అంతకన్నా పెద్ద మాట ఎప్పుడూ ఉండదు. నాన్నగారు జవాబు చెప్పకుండా ఒక ఖాళీ ఆలిచిప్పను ఏరి జేబులో వేసుకున్నారు. ఖాళీ చిప్పలు, సొరచేప పళ్ళు తెచ్చుకోవచ్చు. కట్టడాల పెళ్ళలు మాత్రం ముట్టుకోకూడదు.

చివరి లాంచీ సాయంత్రం 4:45కు, తప్పితే సొంత ఖర్చుతో పడవ మాట్లాడుకోవలసిందే. తిరిగి వస్తూ నాన్నగారు మళ్ళీ ఆ గోడ దగ్గర ఆగడం వల్ల మేము ఆఖరి నిమిషంలో ఎక్కాము. మీరు అమ్మగారి మోకాళ్ళ గురించి రాశారు గాని నాన్నగారు ఏ పనిచేసేవారో రాయలేదు. అది చెబితే ఆయన్ను దీవిలో ఏ మూల ఆపాలో చెప్పగలను. ఈలోగా నవంబరుకు టికెట్లు తీసుకోండి.